గాంధారం కుదిరిందా?

నలభై దాటాక వయొలిన్ పట్టినవాణ్ణి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "కచేరీ ఎప్పుడండీ?" రెండోది, "ఎన్ని కీర్తనలొచ్చు?" మా పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "ఇప్పుడు నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావురా?" అంది. అందరికీ నవ్వే నా జవాబు. నిజానికి నేను సాధిస్తున్నది కీర్తన కాదు, గాంధారం.

వీణకు మెట్లుంటాయి. వయొలిన్‌కు ఉండవు. నున్నటి నల్లచెక్క మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడి స్వరమే పలుకుతుంది, తప్పైనా సరే. నేలమీద కూర్చుని, వాద్యం తలను కుడిపాదం మీద ఆనించి, అందరిలాగే మాయామాళవగౌళలో సరళీవరుసలతో మొదలెట్టాను. ఈ రాగంలో రిషభం షడ్జమాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, గాంధారం పైకి పోయి మధ్యమం పక్కన చేరుతుంది. ఆ రెంటి మధ్య జాగా దాటేటప్పుడే వేలికి తిప్పలు. తంబురాను బాగా శ్రుతి చేస్తే ఎవరూ మీటని గాంధారం దానంతటదే వినిపిస్తుంది, స్వయంభూ గాంధారం అంటారు దాన్ని. నా వేలికింది గాంధారం పోయి దానితో కలవాలి. వెంట్రుకవాసి తగ్గితే రెండూ పేచీ పెట్టుకుంటాయి. కలిస్తే నాదం విప్పారి, వాద్యం చెక్క సన్నగా అదిరి, ఆ అదురు పాదానికి తెలుస్తుంది. నాకు సంబంధించినంతవరకు ఆ పూటకి గెలిచినట్టే.

గెలుపును సొంతంగా కొలుచుకోవడమంటే చేతకానివాడి ఓదార్పని చాలామంది అభిప్రాయం. నాకు మాత్రం లోకం కొలతే మెతకగా కనిపిస్తుంది. బంధువుల గృహప్రవేశంలో ఓ గీతం వాయిస్తే చప్పట్లు ఎలాగూ పడతాయి. శ్రుతి తప్పినా పడతాయి, భోజనాలకు లేవాలి కదా! ఇంట్లో తలుపేసుకుని తంబురా ముందు కూర్చుంటే ఆ మొహమాటం ఉండదు. అలాగని మన చెవినీ పూర్తిగా నమ్మకూడదు. వాయిస్తున్నంతసేపూ అది చేతి పక్షమే. అందుకే మా గురువుగారు ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు వినమంటారు. నిద్ర లేచిన చెవికి నిన్నటి చేతిమీద ప్రేమ ఉండదు.

ఈ ప్రస్తావన రాగానే రాజు పిలుపును త్యాగరాజు కాదన్న కథ ఎత్తుకుంటారు. గొప్పదే, కానీ కాదనడానికి మనల్ని ముందు ఏ రాజైనా పిలవాలి. నాకు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఎక్కువ దగ్గర. 1893లో పుట్టారు, చూపు మందం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్. కర్ణాటక సంగీతానికి పేరూ సభలూ మద్రాసులో ఉంటే ఆయన ఏళ్లతరబడి విజయనగరంలో పిల్లలకు పాఠాలు చెప్పారు. వయొలిన్ అంటే గాయకుడి పక్కన కూర్చునేదనుకునే రోజుల్లో దానితో ఒంటరిగా కచేరీలు చేశారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇస్తే పుచ్చుకున్నారు. సొంత కొలత ఉన్నవాడు బిరుదును తిప్పికొట్టాలని రూలేం లేదు. పాత రికార్డుల గరగరలోంచి కూడా ఆయన కమాను లాగిన తీరు, ఆ నాదం నిండుదనం తెలుస్తాయి. దాన్ని ఏ సభవాళ్లు అడిగారు? ఆయన చెవి అడిగి ఉంటుంది.

మొన్న పాఠంలో నా గాంధారం విని గురువుగారు తలూపి, తోడి వర్ణం మొదలుపెడదామన్నారు. తోడిలో గాంధారం వేరు. అది ఒక్కచోట నిలవదు, ఊగుతూ ఉండాలి, నిలిపితే రాగమే పోతుంది. వేలు ఎక్కడ ఆనాలన్న ఇన్నాళ్ల లెక్క అక్కడ చెల్లదు. ఎంత ఊగితే కుదిరినట్టని అడిగాను. "ముందు వినడం మొదలెట్టు," అన్నారు.