బలగాల చరిత్రలో కులమేది?

తిరుగుబాట్లను అణచే ప్రత్యేక బలగాల మీద వచ్చిన రాతలను మేం వరుసగా చదివినం. 1989లో కె.ఎస్. వ్యాస్ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన గ్రేహౌండ్స్‌ను దేశానికే నమూనా అంటరు రక్షణ పండితులు. చిన్న దళం, అడవి శిక్షణ, గుట్టు కదలిక, సమాచార సేకరణ: నక్సలైట్ల పద్ధతిని పోలీసులే నేర్చుకున్నరని వాళ్ల మెచ్చుకోలు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ రాతల్లో జవానుకు కులం ఉండదు.

2016లో మహబూబాబాద్ జిల్లాలో చేరిన తొర్రూరు నుంచి చూస్తే కథ ఇంకా పాతది. ఈ దిక్కునే 1946 జూలై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన్రు. దొర గూండాల తర్వాత రజాకార్లు, 1948 సెప్టెంబర్ తర్వాత జనరల్ చౌదరి సైన్యం. నిజాం లొంగినా, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఆ సైన్యం పల్లెలను వదల్లేదు. కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టిన సంగతి సుందరయ్య రాసిన పోరాట చరిత్రలో ఉంది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లగాళ్లను సైతం తీసుకొని, 'ప్రత్యేక పోలీసు అధికారులు' అని పేరు పెట్టిన్రు. ఆ 'అధికారి' జీతం నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగం 14, 21 అధికరణాలకు విరుద్ధమన్నది. ఆ ఏడాదే రాష్ట్రం కొత్త చట్టం చేసి వాళ్లనే సహాయక సాయుధ బలగంలోకి తీసుకున్నది. అడవిలో ముందు నడిచేది మళ్లీ ఆదివాసీ పిల్లగాడే.

ఇంకో పోలిక చూడాలె. గ్రేహౌండ్స్ పుట్టిన 1989లోనే పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. దానికి నియమాలు రావడానికి 1995 దాకా పట్టింది. ఈ మధ్యలోనే, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితులను చంపిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. బలగానికీ చట్టానికీ పోలికేమిటని అడగొచ్చు. భూమి మీద, దొరతనం మీద తిరగబడితే ఎదుర్కోవడానికి రాజ్యం దగ్గర శిక్షణ ఉంది, తుపాకీ ఉంది, పట్టుదల ఉంది. మాలమాదిగ వాడ మీద దాడి జరిగితే అదే రాజ్యానికి చేతులాడవు. ఈ తేడాను పట్టించుకోని రక్షణ శాస్త్రం సగం శాస్త్రమే.

విప్లవ సాహిత్యాన్నీ ఇదే ప్రశ్న అడుగుతున్నం. స్తూపాల మీద అమరుల పేర్లుంటయి. అక్టోబర్ 21న పోలీసులు చదివే సంస్మరణ జాబితాలోనూ పేర్లుంటయి. ఆ రెండు జాబితాల్లోని పిల్లలు ఏ వాడల నుంచి పోయిన్రు, వాళ్లను పంపినోళ్లు ఏ ఇండ్లల్ల పుట్టిన్రు? ఈ లెక్క తీయడం పరిశోధకుల పని. తొర్రూరు లాంటి చోట్ల నుంచే అది మొదలు కావాలె.