పూర్తికాని గొర్రెలదొడ్డి

రొమాంటిక్ కవిత్వం అనగానే కొండాకోనా చూసి మైమరచిపోయే పలాయనవాదం అని కొట్టిపారేసే అలవాటు మన విమర్శలో ఎప్పటి నుంచో ఉంది. కృష్ణశాస్త్రిని అన్న మాటే ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్‌నీ అన్నారు. అది అన్యాయమని చెప్పడానికి 1800లో అచ్చయిన వర్డ్స్‌వర్త్ కవిత ‘మైకేల్’ ఒక్కటి చాలు. గ్రాస్‌మియర్ లోయలో ముసలి గొర్రెల కాపరి. అన్నదమ్ముల బిడ్డకి హామీ ఉన్న పాపానికి అప్పు వచ్చి నెత్తిన పడుతుంది. తాతల నాటి భూమి అమ్మలేక, ఒక్కగానొక్క కొడుకుని సంపాదనకి పట్నం పంపుతాడు. వెళ్లే ముందు కొత్త గొర్రెలదొడ్డికి ఆ పిల్లాడి చేతే మొదటి రాయి పెట్టిస్తాడు. కొడుకు పట్నంలో చెడిపోయి, దేశం విడిచి పోతాడు. తండ్రి ఆ రాళ్ల దగ్గరికి వెళుతూనే ఉంటాడు గానీ గోడ లేవదు. ఆలుమగలు పోయాక భూమి పరాయివాళ్ల పాలవుతుంది. ఇక్కడ మనిషిని కొండకి కట్టి ఉంచింది చెమట, దాన్ని తెంచింది అప్పు. 1801 జనవరిలో ఈ కవిత ఉన్న పుస్తకాన్ని పార్లమెంటు నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్‌కి పంపుతూ వర్డ్స్‌వర్త్ ఒక ఉత్తరం రాశాడు. ఫ్యాక్టరీలు ఊరూరా పాకడం, చివరికి తపాలా మీద వేసిన పన్ను కూడా పేదల ఇళ్లలో అనుబంధాలను ఎలా తెంచుతున్నాయో అందులో వివరించాడు. పలాయనం చిత్తగించేవాడు రాజకీయ నాయకుడికి ఇలాంటి ఉత్తరం రాయడు.

అదే కవి 1844లో విండర్‌మియర్ సరస్సుకి రైలు వద్దని పోరాడాడు కదా, మిల్లు కూలీలకి ఆ సరస్సు అందం అర్థం కాదన్నాడు కదా అంటారు. నిజమే. అక్కడ ఆయన తప్పు చేశాడు, దాన్ని వెనకేసుకు రానక్కర్లేదు. రైలు 1847లో వచ్చింది, రావలసిందే. అయితే పెద్దవయసులో చూపు ఇరుకైనంత మాత్రాన ‘మైకేల్’ చెప్పిన నిజం అబద్ధం కాదు.

పాత పల్లెటూరు అంత బంగారమా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దానికి జవాబు మరో ఇంగ్లిష్ కవి జాన్ క్లేర్. 1793లో హెల్ప్‌స్టన్‌లో పుట్టిన వ్యవసాయ కూలీ ఆయన, కూలివాడి కొడుకు. పల్లె పేదరికం ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా 1809 చట్టంతో ఊరి ఉమ్మడి భూములకి కంచెలు పడ్డప్పుడు పేదవాడి ఆవు మేసే జాగా, నడిచే కాలిబాట ఎలా పోయాయో ఆయన పేరుపేరునా రాశాడు. క్లేర్‌కి ప్రకృతి పోవడమంటే కాలు పెట్టే హక్కు పోవడం. రొమాంటిక్ కవులంటే వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ అని ఆగిపోయే పాఠ్యపుస్తకాలు ఈ కూలీ కవికి కొన్ని పేజీలైనా ఇవ్వాలి.