జాలి తిట్టుగా మారిన చోట: 'పెథటిక్' అనే విశేషణం

అనువాద అభ్యాసాలు దిద్దుతూ ఈ మధ్య ఒక మాట దగ్గర ఆగిపోయాం. నాటకంలో అక్క తమ్ముడి అబద్ధాన్ని పట్టుకొని 'యూ ఆర్ పెథటిక్' అంటుంది. విద్యార్థి 'నీ స్థితి దయనీయం' అని రాశాడు. నిఘంటువు ప్రకారం తప్పులేదు. కాని అక్క అక్కడ జాలిపడడం లేదు, ఛీ కొడుతోంది. మరో కాగితంలో దీనికి తలకిందులు: 'పెథటిక్ ఫాలసీ'కి 'నీచమైన పొరపాటు'!

ఈ మాటకు మూలం గ్రీకు 'పాథోస్': బాధ, ఉద్వేగం. ఇంగ్లీషులో మొదట మనసును కదిలించేదని, తర్వాత జాలి పుట్టించేదని అర్థం. ప్రకృతికి మనిషి భావాలను అంటగట్టడాన్ని రస్కిన్ 1856లో 'పెథటిక్ ఫాలసీ' అన్నప్పుడు ఆ విశేషణం ఉద్వేగాన్నే చెప్పింది. ఏవగింపు అర్థం వాడుకలో స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. కాబట్టి పాఠం ఏ కాలానిదో చూడకుండా ఈ మాటను తెనిగించకూడదు.

ఇది ఇంగ్లీషు వాళ్ల వింత అనుకోనక్కరలేదు. మన 'దిక్కుమాలిన' చూడండి. దిక్కు అంటే ఆశ్రయం, మాలడం అంటే లేకపోవడం. 'దిక్కులేనివాడు' అంటే నేటికీ జాలే. 'దిక్కుమాలినవాడు' అంటే తిట్టు. అర్థం ఒకటే, ఆదరం మాత్రం పోయింది. ఇప్పుడు బస్సూ దిక్కుమాలినదే, వానా దిక్కుమాలినదే. 'వెధవ' మరీ ఘోరం. భర్త పోయిన స్త్రీని చెప్పే 'విధవ' నుంచి వచ్చిన ఆ మాటతో మగపిల్లలను తిడుతున్నాం. నోరులేని వారి పేర్లే తిట్లవుతాయన్నది మాకు తోచిన మాట.

'పాపం' మాత్రం ఎదురు నడిచింది. దోషాన్ని చెప్పే మాట జాలిమాట అయింది. తమిళ, కన్నడాల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఇది కొత్త కాదు, అక్కడా అంతే. పైగా గొంతు కాస్త వంకర తిప్పితే 'పాపం'లో ఎగతాళీ పలుకుతుంది.

అందుచేత 'పెథటిక్'కు ఒకే సమానార్థకం వెదకవద్దంటాం. దృశ్యమైతే 'గుండె తరుక్కుపోయేది'. సాకు అయితే 'దిక్కుమాలిన సాకు'. 'దయనీయం' పత్రికల భాష, ఇంట్లో అక్క నోట అది పలకదు.

ఆ విద్యార్థి రెండోసారి రాసి తెచ్చాడు: 'పాపం, ఇంతేనా నీ తెలివి?' మూలంలో ప్రశ్న లేదు. అయినా మార్కులు వేశాం.