జిమ్మేదారి ఎవరిది? కొత్త అణు చట్టంపై ఒక విమర్శ

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ‘శాంతి’ పేరుతో కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టాన్నీ పక్కనపెట్టి, రియాక్టర్లు నడిపే అవకాశాన్ని ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది. ఈ చట్టాన్ని దళితులు, ఆదివాసులు, మత్స్యకారులు నిలబడ్డ చోటి నుంచి చదవాలన్నది మా వాదన.

2010 చట్టం గొప్పదేం కాదు. ఆపరేటర్ బాధ్యతను 1,500 కోట్లకే కుదించింది. అయినా అందులో 17(బి) సెక్షన్ ఉండె. అమ్మిన యంత్రంలో లోపముండి ప్రమాదం జరిగితే, పరిహారం కట్టిన ఆపరేటర్ ఆ కంపెనీని అడగొచ్చు. 1984 భోపాల్ మారణకాండకు 1989లో 47 కోట్ల డాలర్లు పడేసి యూనియన్ కార్బైడ్ చేతులు దులుపుకున్న చేదు అనుభవం ఆ సెక్షన్ వెనుక ఉంది. కొత్త చట్టం దాన్ని తీసేసింది. ఒప్పందంలో ముందే రాసుకుంటేనో, కావాలనే నష్టం చేశారని తేలితేనో తప్ప వసూలు లేదు. ఎంత పెద్ద రియాక్టరైనా ఆపరేటర్ పూచీ 3,000 కోట్లు దాటదు. ఆపైన సర్కారు చూసుకుంటదట! సర్కారు సొమ్మంటే అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే కూలోల్ల సొమ్మే కదా?

ప్రమాదమే జరగదని చెప్పేటోల్లు, జరిగితే మా మీద పడొద్దని చట్టం ఎందుకు కోరుతున్నరు? ఈ ప్రశ్నకు ఏ శాస్త్రవేత్తా జవాబు చెప్పడు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్లవి పెట్టాలన్నది ప్రతిపాదన. ఆ కంపెనీ 2017లో దివాలా పిటిషన్ వేసింది. పరిహారం లెక్క పట్టాతో మొదలవుతది. సముద్రానికి పట్టా ఉండదు. కూలి పనికీ ఉండదు.

విదేశీ కంపెనీ అనే ఒక్క కారణంతో వ్యతిరేకించే వామపక్ష విమర్శ కూడా మాకు చాలదు. 2008లో వాళ్లు అమెరికాతో అణు ఒప్పందంపై కేంద్రానికి మద్దతు ఉపసంహరించారు. బాగానే ఉంది. కానీ కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తీస్తున్నది ప్రభుత్వ సంస్థే. వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు చెడిపోయాయని మొత్తుకున్న రైతులకు కంపెనీ స్వదేశీ అయినందువల్ల ఒరిగిందేమిటి? జపాన్‌లో 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాత యంత్రాలు అమ్మినోల్లను చట్టమే కాపాడింది. 2022లో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వానికీ బాధ్యత లేదంది. కంపెనీ, సర్కారు ఒకరి వెనుక ఒకరు దాక్కోవడం అంతటా ఉన్నదే.

చందుర్తి, సిరిసిల్ల, జగిత్యాల పల్లెలకు ఇది కొత్త పాఠం కాదు. గల్ఫ్ నుంచి శవపెట్టె వచ్చిననాడు ఏజెంటు కంపెనీని చూపిస్తడు, కంపెనీ కాగితాలను చూపిస్తది, సర్కారు తన పని కాదంటది. జిమ్మేదారి ముక్కలు చేస్తే న్యాయం ఎవరి చేతిలోనూ ఉండదని ఇక్కడి ఆడోల్లకు తెలుసు.

నల్లమలలో చెంచులు, ఊర్లోల్లు కొట్లాడితే 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కాబట్టి అడిగితే కదులుతది. మేం అడిగేది మూడు: పరిహారానికి గరిష్ఠ పరిమితి ఎత్తేయాలి. యంత్రం అమ్మినోల్లు, నడిపినోల్లు, అనుమతించినోల్లు ముగ్గురూ కలిసి బాధ్యులు కావాలి. రోగం రేడియేషన్ వల్ల రాలేదని రుజువు చేసే భారం కంపెనీ మీద ఉండాలి, రోగి మీద కాదు. వీటికి ఒప్పుకోనంత కాలం ఆ ‘శాంతి’ కంపెనీలదే, మనది కాదు.