పట్టుపురుగుకున్న పరీక్ష తేనెటీగకేదీ?

రొద్దం మండలంలో పట్టుపురుగులు మేపే ఏ ఇంట్లో అడిగినా వాటి రోగాల సంగతి గడగడా చెప్పేస్తారు. పాలు కారి చచ్చే పురుగు ఏదో, సున్నంలా గట్టిపడి చచ్చేది ఏదో, ఊజీ ఈగ గుడ్డు పెట్టిన చోట మచ్చ ఎలా పడుతుందో తట్ట దగ్గర కూర్చున్న ఆడవాళ్లే చూపిస్తారు. పంటకూ పంటకూ మధ్య బ్లీచింగ్ నీళ్లతో షెడ్డు కడగడం, పొర విడిచే ముందు 'జ్వరానికి' పోయే పురుగుల మీద సున్నం చల్లడం, చెప్పులు బయటే విడిచి లోపలికి పోవడం ఒకరు గుర్తు చేయాల్సిన పనులు కావు.

అదే ఇంటి వెనక చింతచెట్టు కింద తేనెటీగల పెట్టె ఉండి, అది ఖాళీ అయితే, ఏం రోగమొచ్చిందని అడగండి. "యాడికో లేచిపోయినాయి సార్" అన్నదే జవాబు. తేనెటీగకు కూడా రోగాలుంటాయనీ, వాటిని కంటితో గుర్తుపట్టవచ్చనీ మనకెవరూ చెప్పలేదు. ఈ వారం నా బాధ అదే.

నేను పెట్టె తెరిచేది తేనె కంటే ముందు పిల్లల్ని చూడడానికి. ఎండ ముదరకముందే మూత తీసి, కింది గదిలోంచి ఒక్కో ఫ్రేము పైకెత్తి వెలుతురుకు పడతాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లపురుగు తెల్లగా మెరుస్తూ, తన అర అడుగుభాగంలో చుట్ట చుట్టుకుని ఉంటుంది. జబ్బు పడినది మూత వేసే వేళకు నిలువునా సాగి, తల పైకెత్తి చచ్చి ఉంటుంది. చిమటాతో మెల్లగా లాగితే తోలు తోలంతా సంచిలా ఊడివస్తుంది, లోపల నీళ్లు కదులుతుంటాయి. నాలుగు రోజులు అలాగే వదిలేస్తే ఎండి, రెండు కొనలూ పైకి లేచిన నల్లటి పెచ్చు మిగులుతుంది. దీని పేరు థాయ్ శాక్‌బ్రూడ్. ఇది వైరస్ తెచ్చే రోగం.

థాయిలాండ్‌లో 1976లో బయటపడ్డ ఈ వైరస్ కొన్నేళ్లకే మన ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించింది. 1991-92లో దక్షిణాదికి దిగింది. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే నాటు తేనెటీగను, అంటే ఏపిస్ సెరానా ఇండికాను, ఏరి ఏరి కొట్టింది. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లో పెంచుకునే తుట్టెల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. తరతరాలుగా తేనె మీద బతికిన కుటుంబాలు పెట్టెలు అటకెక్కించాయి. ఆ వైరస్‌ను చంపే మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఈ ఈగ మనకు మిగిలింది. రోగాన్ని తట్టుకున్న కొద్ది తుట్టెలే పిల్ల తుట్టెలు పెట్టుకుంటూ తిరిగి పెరిగాయి.

ఆ తట్టుకునే శక్తి ఎక్కడుంది? తేనెటీగ జన్యుపటం 2006లో వెలువడినప్పుడు శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. రోగంతో పోరాడే జన్యు కుటుంబాల్లో తేనెటీగకున్న జన్యువులు పండ్ల ఈగకూ దోమకూ ఉన్నవాటిలో మూడోవంతే. వేల ఈగలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, వెచ్చటి చీకటి గూట్లో, ఒకరి నోటి మేత ఒకరు తింటూ బతికే ప్రాణికి రక్షణ ఇంత తక్కువేమిటి? పూర్తి జవాబు ఇంకా వెతుకుతున్నారు. కానీ ఒక సంగతి మాత్రం తేలిపోయింది. ఈగ ఒంట్లో ఉన్న రక్షణ ఒకటైతే, తుట్టె మొత్తం కలిసి చేసే రక్షణ మరొకటి.

కూలి ఈగలు మూత వేసిన అరలోని జబ్బు పిల్లను వాసనతో పసిగడతాయి. మూత కొరికి, పురుగును లాగి, గూటి బయట పారేస్తాయి. ఈ శుభ్రత గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని అమెరికాలో రాథెన్‌బులర్ 1964లోనే చూపాడు. పూతేనెలో ఈగలు కలిపే ఒక ఎంజైము వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి సూక్ష్మజీవుల్ని అణిచేస్తుంది. రాణి ఈగ ఒక్క పోతుటీగతో ఆగకుండా పదికి పైగా పోతుటీగలతో కలవడం వల్ల తుట్టెలో రకరకాల రక్తం ఉంటుంది, ఒకే రోగానికి అందరూ ఒకేసారి లొంగరు.

ప్రపంచమంతటా తేనెటీగల్ని పీడిస్తున్న వరోవా నల్లి మన నాటు ఈగకు పాత చుట్టం. యుగాలుగా కలిసి బతకడం వల్ల మన ఈగ దాన్ని పట్టి దులిపేస్తుంది, కూలి ఈగల పిల్లల మీద పెరగనివ్వదు. మనుషులు ఐరోపా ఈగను ఆసియాకు తెచ్చినప్పుడు ఆ నల్లి దాని మీదికి ఎక్కింది. ఎదుర్కోవడం తెలియని ఆ ఈగల తుట్టెలు కుప్పకూలాయి. 2022 జూన్‌లో ఆస్ట్రేలియాలోనూ వరోవా బయటపడింది. ఏడాది గడిచాక దాన్ని నిర్మూలించలేమని ఆ దేశమే ఒప్పుకుంది. మన పట్టు రైతులకు ఇది కొత్త కథ కాదు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్లతోనే ఊజీ ఈగ కర్ణాటకలో అడుగుపెట్టింది.

వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగి రెక్కలున్నా ఎగరలేని పట్టు చిలుకకు మన శుభ్రతే దిక్కు. తేనెటీగ తన శుభ్రత తానే చూసుకుంటుంది, మనం ఆ పనికి అడ్డు రాకుండా ఉండాలి. తుట్టె నీరసించిందని చక్కెర పాకంలో యాంటీబయాటిక్ కలిపి పోయడం అడ్డు రావడమే. వైరస్ మీద అది పనిచేయదు, పైగా తేనెలోకి దిగుతుంది. 2010లో ఐరోపా సమాఖ్య మన తేనెను ఆపేసిన కారణాల్లో ఈ అవశేషాలూ ఉన్నాయి. దానిమ్మ పూత మీద పట్టపగలు మందు కొట్టడం ఇంకా పెద్ద అడ్డు. క్లోథియానిడిన్ అనే పురుగుమందు ఈగను చంపని మోతాదులో కూడా దాని రోగనిరోధక శక్తిని కుంగదీసి, ఒంట్లో అణిగి ఉన్న వైరస్‌ను లేపుతుందని ఇటలీ పరిశోధకులు 2013లో నిరూపించారు.

ఏ తుట్టెకు శుభ్రత గుణం ఎక్కువో మనమే తేల్చుకోవచ్చు. మూత వేసిన వంద అరల్లో సన్నటి పిన్ను గుచ్చి, ఫ్రేము తిరిగి పెట్టేసి, మర్నాడు అదే వేళకు చూడండి. దాదాపు అన్నీ ఖాళీ చేసిన తుట్టె నుంచే పిల్ల తుట్టెలు తీయండి. సగం చచ్చిన పిల్లల్ని అలాగే ఉంచుకున్న తుట్టె తేనె ఎంత ఇచ్చినా దాని సంతానం పెంచకండి.

కంటికి కనిపించని రోగం సంగతి వేరు. పట్టు రైతును గడగడలాడించే పెబ్రిన్‌కు కారణం నొసీమా బాంబిసిస్. దాని దగ్గరి చుట్టాలే నొసీమా ఏపిస్, నొసీమా సెరానే. ఇవి తేనెటీగ పేగులో పెరిగి దాన్ని లోలోపల తినేస్తాయి. 1865లో ఫ్రాన్స్‌లోని అలెస్‌కు వెళ్లిన లూయీ పాశ్చర్ పెబ్రిన్‌కు ఒక దారి చూపాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నీళ్లతో నూరి, చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూడడం, రోగకణాలు కనిపిస్తే ఆ గుడ్లు తగలబెట్టడం. నేటికీ రోగం లేని గుడ్లు మనకు అందుతున్నది ఆ పద్ధతి మీదే. తేనెటీగకూ పరీక్ష ఇంచుమించు ఇదే. కొన్ని పెద్ద ఈగల పొట్టలు నీళ్లతో నూరి, ఒక చుక్క అదే మైక్రోస్కోపు కింద పెట్టాలి.

హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధనాభివృద్ధి సంస్థ ఉంది. పెబ్రిన్‌ను పట్టే కళ్లు పట్టు శాఖలో ఉన్నాయి. వారంలో ఒక పూట ఆ మైక్రోస్కోపు బల్ల మీద తేనెటీగల నమూనాలు కూడా చూడమని పట్టు శాఖనూ ఉద్యాన శాఖనూ అడుగుతున్నాను. పెట్టెలున్న రైతులకు నా మనవి కూడా ఒకటుంది. ఈగలు లేచిపోయాక ఖాళీ పెట్టె చూసి నిట్టూర్చకండి. లేచిపోకముందే, వారానికోసారి పిల్లల ఫ్రేము ఎత్తి చూడండి. తల పైకెత్తి చచ్చిన పురుగు ఒక్కటి కనిపించినా ఆ పెట్టెలోని ఫ్రేము ఇంకో పెట్టెలోకి మార్చకండి, ఆ పెట్టెను ఇంకో ఊరికి అమ్మకండి.