జంటగా గడప దాటితే

ఈ వారం నంద్యాలలో ఒక మాస్టారి పదవీ విరమణ సభకు వెళ్లాను. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన మనిషి. దండలు, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ అయ్యాయి. మైకు అందుకున్న ప్రతివాళ్లూ చివరికి ఒకే మాట దగ్గరికి వచ్చారు: "మీరు చేసిందంతా చాలు మాస్టారూ, ఇంక మనవళ్లతో ఆడుకుంటూ కృష్ణా రామా అనుకోండి." ఆయన భార్య పక్క కుర్చీలో కూర్చుని, ఆయన భుజం మీంచి తీసిన శాలువాలు ఒక్కొక్కటే మడిచి ఒళ్లో పెట్టుకుంటూ ఉంది. ఆమెను పలకరించినవాళ్లు లేరు. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక కూడా నా కోపం దిగలేదు.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకు ఈ విషయంలో నా పట్టుదల తెలుసు. అరవై రెండు నిండిన మనిషి ఒంట్లో ఓపిక, చేతిలో పనితనం, తలలో జ్ఞానం ఒక్క రోజులో ఆవిరైపోవు. ఆ మనిషి భార్య నలభై ఏళ్లు నడిపిన సంసారం కూడా ఒక విద్యే. దానికి సభ లేదు, సెలవూ లేదు. ఈ రెండు మాటలూ నేను ఇదివరకు ఎన్నోసార్లు రాశాను, బతికున్నంత కాలం రాస్తాను.

అదే రాత్రి హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఎదురు ఫ్లాటువాళ్లు వెళ్లిపోతున్నారే. కుక్కరు మాకిచ్చింది. మిగతా సామానంతా వాచ్‌మన్ భార్యకు ఇచ్చేసింది" అంటూ బొంగురు గొంతుతో చెప్పింది. ఆ కబురు విన్నాక సభలో నాకెందుకంత కోపం వచ్చిందో ఇంకాస్త స్పష్టంగా తెలిసింది.

ఎదురు ఫ్లాటువాళ్లు అమెరికావాళ్లు. ఆయనకు డెబ్బైకి దగ్గర, ఆమె రెండు మూడేళ్లు చిన్న. ఆయన వాళ్ల ఊళ్లో నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాడు, ఆమె బడి లైబ్రరీ చూసుకునేది. లోకం మార్మన్లు అని పిలిచే కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున మిషన్ మీద వచ్చారు. మా ఆయన కంటి ఆపరేషన్ కోసం చెల్లెలింట్లో ఉన్నప్పుడు వాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో దగ్గర్నుంచి చూశాను.

ఆరున్నరకల్లా వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుని వాళ్ల గ్రంథం తలా కాసేపు పైకి చదువుకుంటారు. తర్వాత పిల్లలకు వీడియో కాల్. అక్కడ అప్పుడు సాయంత్రం. వీళ్లు ఇక్కడ ఉండగానే ఒక మనవరాలు పుట్టింది. ఆ పాపకు మొదటి పన్ను వచ్చిన సంగతి ఆ బల్ల దగ్గరే చూశారు. తొమ్మిదింటికి ఆయన తెల్లచొక్కా, టై, ఆమె మోకాళ్లు దాటిన గౌను. ఇద్దరి గుండెల మీదా ఇంటిపేరు రాసిన నల్ల బ్యాడ్జి. ఆటో ఎక్కి వాళ్ల సంఘం ఆఫీసుకు పోయేవాళ్లు. ఆయన అద్దెలు, కరెంటు బిల్లులు, జమాఖర్చులు చూసేవాడు. ఆమె కాగితాలు చూసేది, జబ్బుపడ్డ కుర్ర మిషనరీలను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది.

ఒకరోజు ఆమెతో నేనూ వెళ్లాను. కుర్ర మిషనరీలు ఉండే ఫ్లాటును అప్పుడప్పుడూ చూసి రావడం ఆమె పనుల్లో ఒకటి. ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది రాజమండ్రి వైపు, ఇంకొకడు తమిళుడు. ఆమె నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి వెనక వంగి, గ్యాస్ ట్యూబు మీద అచ్చేసిన గడువు తేదీని కళ్లజోడు పైకెత్తి చదివింది. గడువు దాటిపోయింది. ఫ్రిజ్ తెరిచి సాంబారు గిన్నె మూత తీసి వాసన చూసి, ఒక్క మాట అనకుండా సింకులో పోసి, గిన్నె తోమి బోర్లించింది. తర్వాత ఫిల్టరు విప్పి క్యాండిల్ ఎట్లా రుద్దాలో ఆ రాజమండ్రి అబ్బాయి చేతికే ఇచ్చి చేయించింది. వాడు "సరేనమ్మా" అన్నాడు. మనింటికి మేనత్త వచ్చినప్పుడు ఇట్లాగే ఉంటుంది.

కాఫీ దగ్గర మాత్రం మొదట్లో చిన్న ఇబ్బంది వచ్చిందట. మా చెల్లెలు మొదటిసారి ఫిల్టరు కాఫీ పట్టుకుపోతే ఇద్దరూ వద్దన్నారు. వాళ్ల సంఘంలో 1833 నుంచీ ఆరోగ్య నియమం ఒకటుంది: మద్యం, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. సీమ ఇంటి ఆడపిల్ల ఇచ్చిన కాఫీ వద్దంటే మనసు చివుక్కుమనదా? రెండు రోజులు మాట్లాడలేదంట. మూడోనాడు ఆ అమెరికావిడే వచ్చి తలుపు తట్టి, మరి ఏం తాగొచ్చో నువ్వే నేర్పు అని కూర్చుంది. అల్లం, కొత్తిమీర, పచ్చిమిర్చి దంచి వేసిన మజ్జిగ అప్పట్నుంచి ఆ రెండిళ్ల మధ్య రోజూ నడిచింది. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడం వాళ్ల ఆచారం. దానికీ మా చెల్లెలి పిల్లల్ని పిలిచేవాళ్లు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం, ఆ భోజనం ఖర్చు లేనివాళ్లకు. ఉపవాసం సంగతి మా చెల్లెలికి ఎవరూ వివరించాల్సిన పనిలేదు కదా.

ఈ పెద్దవయసు జంటల మిషన్ 6 నెలల నుంచి 23 నెలల దాకా ఉంటుంది. ఖర్చు వాళ్లదే. ఎక్కడికి వెళ్లాలో తమ ఇష్టం చెప్పుకోవచ్చు, నిర్ణయం మాత్రం సంఘానిది. కుర్రవాళ్లు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరగాలన్నది నియమం. ముసలి జంటకు ఆ రెండో మనిషి జీవిత భాగస్వామే. పిలుపు ఇద్దరి పేరు మీదా వస్తుంది, బ్యాడ్జి ఇద్దరికీ ఉంటుంది. నా మనసు పట్టేసింది అక్కడే.

మా ప్రాంతంలో మిషనరీ అనగానే పెద్దవాళ్లకు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ దొరలు గుర్తొస్తారు. నంద్యాల హైస్కూలుకు ఇప్పటికీ ఆ పేరే. అంతకు ముందే, 19వ శతాబ్దంలో, ఆళ్లగడ్డకు దిగువన ముత్యాలపాడులో జాన్ క్లే ఉండి పనిచేశాడు. ఆ కాలపు మిషన్ చరిత్రల్లో దొర పేరుంటుంది. దొరసాని జ్వరాలకు మందిచ్చినా, ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించినా, ఫలానా దొరగారి భార్య అన్న మాటతో సరి. దానికీ, ఈ నల్ల బ్యాడ్జీకీ ఎంత తేడా! మతం మార్చే పని నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ మాట ఆ అమెరికావిడ మొహం మీదే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు, నేనూ మజ్జిగ ఇవ్వడం మానలేదు. మతం పక్కన పెట్టి చూస్తే, మన రిటైరైన జంటలు కూడా ఇట్లా ఎవరూ తెలియని ఊరికి పోయి ఏడాదో ఏడాదిన్నరో ఉండి పనికొచ్చే పని చేయాలని ఈ వారం గట్టిగా రాద్దామనుకున్నాను. శ్రీకాకుళం వాళ్లు ఆదోనికి, ఆదోని వాళ్లు శ్రీకాకుళానికి.

రాయబోతుంటే పార్వేట అడ్డొచ్చింది. కనుమ దగ్గర పడుతోంది కదా.

నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, దూరం పాఠకుల కోసం చెప్తాను. కనుమనాడు అహోబిలంలో చెంచులు వచ్చి స్వామి పల్లకి ముందు విల్లెక్కుపెట్టి బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి వాళ్లు అత్తవారింటివాళ్లు. అక్కణ్నుంచి జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయల్దేరుతారు. ఫాల్గుణంలో జరిగే తమ పెళ్లికి ఊరూరా తిరిగి స్వయంగా పిలుచుకుంటారు. నలభై రోజులకు పైగా కొండకు తిరిగి రారు. ఆళ్లగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ, చాగలమర్రి వైపు ముప్పైకి పైగా పల్లెలు. ఒక్కో ఊళ్లో పల్లకి దించడానికి తెలుపు అని రాతి తిన్నె ఉంటుంది. పల్లకి ఏ రోజు తెలుపు మీద కూర్చుంటే ఆ ఊరికి ఆ రోజే పండగ. సంక్రాంతికి రాని ఆడబిడ్డలు కూడా ఆ రోజుకు పుట్టింటికి వస్తారు.

ఆళ్లగడ్డ దగ్గర మా జేజి వాళ్ల ఊళ్లో నేను చూసిన పార్వేట ఒకటి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వారం ముందే గోడలకు సున్నం, గడపలకు పసుపు, వాకిట్లో చేటంత ముగ్గు. బక్షాలకు బెల్లం పాకం పొయ్యి మీద ఉడుకుతోంది. మా జేజినాయనకూ ఆయన తమ్ముడికీ చేని గెట్టు మీద తగువు. మధ్యలో మూడిళ్లే. అయినా ఏళ్లుగా ఇటు మనిషి అటు పోలేదు. పెళ్లిళ్లకు పోలేదు, చావుకు మాత్రం బయట నిలబడి వచ్చారు. ఆ రోజు పొద్దున పాకం దించి, జేజి కొంగుతో చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా నిలబడింది. "స్వామే పిలవడానికి గడప గడపకూ తిరుగుతా ఉండాడు. మనం ఇంట్లో కూచుని పండగ చేసుకుంటే పాపం తగుల్తాది. లెయ్, పోదాం" అంది. ఆయన ముందు పలకలేదు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ బయల్దేరారు. నేను వెనకే ఉరికాను.

మూడిళ్ల దూరం నడవడానికి వాళ్లకు ఎంత సేపు పట్టిందో! అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా మాటలాపి చూశారు. మా చిన్నజేజి వాకిట్లోకి వచ్చి, మొదట తలుపు పట్టుకుని నిలబడిపోయి, గబగబా లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. జేజినాయన అరుగు చివర కూర్చున్నాడు, తమ్ముడు ఇంకో చివర. గెట్టు మాట ఎత్తలేదు. బుడ్డల ధర గురించి మాట్లాడుకున్నారు, ఎద్దు కాలి పుండు గురించి మాట్లాడుకున్నారు. ఆడవాళ్లిద్దరూ వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు గానీ, బయటికి వచ్చేటప్పటికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం తెలుపు దగ్గర రెండిళ్ల హారతి పళ్లేలు పక్కపక్కనే నిలబడ్డాయి. గెట్టు తగువు ఆ తర్వాత కూడా నడిచింది, నడవలేదని అబద్ధం చెప్పను. రాకపోకలు మాత్రం మళ్లీ ఆగలేదు.

ఇది గుర్తొచ్చాక ఆ మార్మన్ల చరిత్రే ఇంకో రకంగా కనబడింది. 1853లో వాళ్ల మనుషులు మన దక్షిణాదికి వచ్చారు. రిచర్డ్ బాలంటైన్ మద్రాసులో ఏడాది పాటు అపరిచితుల మధ్య పాటుపడి వెళ్లిపోయాడు. ఆ పని అక్కడ వేరు పట్టలేదు. తెలుగు నేల మీద వాళ్ల సంఘం నిలబడింది ఒక తెలుగు జంట వల్ల. ఎడ్విన్ ధర్మరాజు కీటక శాస్త్రవేత్త. ఉద్యోగం మీద సమోవా దీవుల్లో ఉండగా ఆయనా, భార్య ఎల్సీ ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ఇద్దరూ మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు, ఎవరి దగ్గరికో కాదు, తమ చుట్టాల దగ్గరికే. 22 మంది బంధువులు బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం అప్పటికే వేరే క్రైస్తవ సంఘంలో పాస్టరు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. 1993లో బెంగళూరు మిషన్ ఏర్పడేదాకా ఇండియా సింగపూర్ మిషన్ కిందే ఉండేది. 2012లో దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల సమూహం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

పాస్టరుగారి ఎదుట కూతురూ అల్లుడూ కూర్చుని, మేం ఇంకో దారి పట్టాం, వినండి అనడం ఎంత కష్టమో ఊహించండి. సొంతవాళ్లను కలుపుకోవడం ఎంత మొండి పనో నంద్యాలకు బాగా తెలుసు. 1947లో కొన్ని క్రైస్తవ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడితే ఇక్కడి ఆంగ్లికన్లలో చాలామంది అందులో కలవలేదు. 1975లో గానీ కలవలేదు. అందరిదీ ఒకే దేవుడు, ఒకే బైబిలు, అయినా అన్నేళ్లు పట్టింది.

అందుకే శ్రీకాకుళం, ఆదోని మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. తెలియని ఊళ్లో మనం ఎప్పుడూ కొత్తవాళ్లమే. మన మంచితనం అంతా అక్కడ ముందుకొస్తుంది, మన పాత మాటలు, పాత పంపకాలు ఎవరికీ తెలియవు. ఏడాదిన్నర గడిచాక కుక్కరు పంచిపెట్టి వచ్చేయొచ్చు. ఆ అమెరికా జంటను నేను తక్కువ చేయను, మా చెల్లెలి కన్నీళ్లే వాళ్లకు సాక్ష్యం. కానీ రిటైరైన మన జంటలు ముందు పోవాల్సింది చుట్టాల గడపలకే. ఎవరింట్లో పింఛను లైఫ్ సర్టిఫికెట్టుకు వేలిముద్ర పడక అవస్థపడుతున్నారో, ఎవరింటి గ్యాస్ ట్యూబు గడువు దాటిందో, ఏ వదిన మోకాళ్లు పట్టేసి సుబ్బరాయుడి షష్ఠికి కూడా గడప దాటలేకపోయిందో మనకే తెలియాలి. ఆయన కాగితాలు చూడాలి, ఆమె ఫ్రిజ్ తెరవాలి, ఇద్దరి పేరు మీదా పిలుపు ఉండాలి. ఒక్కో ఇంట్లో వారం. ఖర్చు మనదే.

మా బావగారిది రుద్రవరం వైపు. ఇల్లు పంచుకున్నప్పటి నుంచీ మాటల్లేవు. ఈ ఏడు పల్లకి ఆ ఊరి తెలుపు మీదికి వచ్చేనాటికి అక్కడ ఉందామని మా ఆయనతో అన్నాను. "వాళ్లు మనల్ని లోపలికి రానిస్తారంటావా?" అన్నాడు. తోడికోడలు బీపీ మాత్రలు ఏవి వాడుతోందో కనుక్కోమని మేనకోడలికి ఫోన్ చేశాను. ఆ చీటీ వచ్చాక నంద్యాలలోనే మూడు నెలలకు సరిపడా కొని సంచిలో పెట్టుకుని బయల్దేరతాం.