గొంతు ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది

‘బొహీమియన్ రాప్సొడీ’ చూసేటప్పుడు రామి మాలెక్ ముఖం కంటే మెడను గమనించాలి. పెట్టుడు పళ్ళు, మీసం, విగ్గు మేకప్ వాళ్ళు ఎవరికైనా పెట్టగలరు. మెడ నరాలను అలా అతికించలేరు. పైస్థాయి అందుకోబోయే ముందు అవి బిగుస్తాయి, ఛాతీ నిండుతుంది, గుక్క తీసుకోవడానికి నోరు ఒక్క క్షణం ముందే తెరుచుకుంటుంది. వినిపిస్తున్న గొంతు అతనిది కాదని తెలిసినా, ఆ ఊపిరి అతనిదేనని నమ్ముతాం.

క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవితం మీద 2018లో వచ్చిన సినిమా ఇది. పాటల్లో ఎక్కువ భాగం ఫ్రెడ్డీ పాత రికార్డింగులే. అవి చాలని చోట కెనడా గాయకుడు మార్క్ మార్టెల్ పాడాడు. మాలెక్ గొంతూ కొంత కలిసింది. అతుకు ఎక్కడుందో చెవికి చిక్కదు. షూటింగులో మాలెక్ పెదాలు కదిపి ఊరుకోలేదు, నిజంగానే గొంతెత్తి పాడాడు. ఆ మెడ నరాలు అందుకే అబద్ధం చెప్పవు.

ఈ పని విలువ తమిళనాడులోని మా అరుప్పుకోట్టై వాళ్ళకు బాగా తెలియాలి. 1977లో ఎం.జి.ఆర్.ను గెలిపించి ముఖ్యమంత్రిగా చూసుకున్న ఊరు మాది. తెర మీద ఆయన పాడిన పాటల్లో చాలావాటికి గొంతు మదురై టి.ఎం. సౌందరరాజన్‌ది. అదే సౌందరరాజన్ శివాజీ గణేశన్‌కు పాడితే శివాజీయే పాడుతున్నట్టుండేది. తెలుగులో రామారావుకూ నాగేశ్వరరావుకూ ఘంటసాల చేసిందీ ఇదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన మాలాంటి వాళ్ళం ఈ రెండు సంప్రదాయాల్నీ విన్నాం. రెండింటిలోనూ గాయకుడే నటుడి దగ్గరికి వస్తాడు. ఈ సినిమాలో దారి తిరగబడింది. 1991లో పోయిన గాయకుడి గొంతు ఇక మారదు కాబట్టి, నటుడే తన ఒంటిని దాని దగ్గరికి తీసుకెళ్ళాలి.

1946లో ‘త్యాగయ్య’ తీసిన చిత్తూరు నాగయ్యకు ఈ చిక్కు లేదు. దర్శకుడూ ఆయనే, నటుడూ ఆయనే, పాడిందీ ఆయనే. త్యాగరాజస్వామి గొంతు బతికున్నవాళ్ళెవరూ వినలేదు గనుక, నాగయ్య ఆర్తితో పాడిన పాటే ప్రేక్షకులకు స్వామి పాటయింది. ఫ్రెడ్డీ నడక, నవ్వు, సగానికి విరిగిన మైకు స్టాండు పట్టుకునే తీరు లోకమంతటికీ వీడియోల్లో కంఠోపాఠం. ఒక్క తప్పు పడితే అభిమాని పట్టేస్తాడు.

అందుకే మాలెక్ అడుగులు లెక్కపెట్టి నేర్పే డాన్స్ మాస్టరును కాక, పాలీ బెన్నెట్ అనే కదలికల శిక్షకురాలిని పెట్టుకున్నాడు. చెయ్యి ఎలా లేస్తుందన్నది వీడియో చూసి నేర్చుకోవచ్చు. ఎందుకు లేస్తుందో తెలిస్తేనే అది నటన. ఫ్రెడ్డీకి పైవరసలో నాలుగు పళ్ళు ఎక్కువ. పీకిస్తే గొంతు మారుతుందేమోనని అలాగే ఉంచుకున్నాడు. పై పెదవితో ఆ పళ్ళను కప్పుకునే అలవాటును మాలెక్ ఇంటి సన్నివేశాల్లో ఎక్కువగా, వేదిక మీద తక్కువగా చూపించాడని నాకనిపించింది. ఎవరి ముందు సిగ్గుపడాలో, ఎవరి ముందు అక్కర్లేదో ఆ పెదవికి తెలుసు.

ఇక లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీ. 1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో క్వీన్ ఇరవై నిమిషాల పైచిలుకు పాడింది. బోవింగ్డన్ అనే పాత విమానాశ్రయంలో ఆ వేదికను మళ్ళీ కట్టారు, పియానో మీది పెప్సీ కప్పులతో సహా. షూటింగు మొదలైందే ఈ ఘట్టంతో. పాత్ర నెమ్మదిగా ఒంటబట్టే వ్యవధి కూడా లేకుండా శిఖరం మీదే నిలబడాలి! ఛాయాగ్రాహకుడు న్యూటన్ థామస్ సీగెల్ కెమెరాను పియానో వెనక్కి, వేళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఫ్రెడ్డీ ‘ఏ... ఓ’ అని అందిస్తే జనం అందుకునే చోట మా పక్క భజన గోష్ఠి గుర్తొస్తుంది. ముందు పాడేవాడు ఒక్కొక్క మెట్టూ పెంచుతూ జనాన్ని పైకి లాక్కుపోతాడు. ఆస్కారుల్లో శబ్దానికి వచ్చిన రెండూ, మాలెక్‌కు వచ్చినదీ ఇక్కడే సంపాదించుకున్నవని నా నమ్మకం. ఎడిటింగుకు వచ్చిన నాలుగోదాన్ని ఇంత గట్టిగా సమర్థించలేను. మేనేజరును మొదటిసారి కలిసే సన్నివేశంలో ఒక్క ముఖాన్నీ నిలకడగా చూడనివ్వరు.

కథలో సర్దుబాట్లూ ఉన్నాయి. విడిపోయిన బృందం లైవ్ ఎయిడ్ కోసం కలిసినట్టు చూపించారు. నిజానికి వాళ్ళు ఆ ఏడాది మే దాకా పర్యటనలోనే ఉన్నారు. తనకు ఎయిడ్స్ ఉందన్న విషయం ఫ్రెడ్డీకి ఆ కచేరీకి ముందే తెలిసినట్టు చూపించడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. అది 1987 ప్రాంతపు మాట. మాలెక్ ఊపిరికి ఆ ఊతం అవసరం లేదు. జాంజిబార్‌లో పుట్టిన ఆ పార్సీ పిల్లవాడు పియానో నేర్చుకుని, హెక్టిక్స్ అనే తొలి బృందం కట్టిన పాంచ్‌గని బడిని మాత్రం దాటేశారు. తెలిసిన గొంతును అనుకరించడానికి ఇంత శ్రమపడినవాళ్ళు, అది తయారైన చోట రెండు నిమిషాలైనా ఆగి ఉండాల్సింది.

థియేటర్లకు పంపిన ప్రతిలో లైవ్ ఎయిడ్ పాటలు రెండు లేవు. డిస్కులో ఆరు పాటలూ వరసగా ఉన్నాయి. చూసేవాళ్ళు ఆ ప్రతినే చూడండి. మొదటి పాటలో పియానో ముందు కూర్చున్న మెడనూ, ఆరోపాట నాటికి చెమటతో తడిసిన మెడనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.